దిక్కులేని పిల్లల సారు మకరెంకో



ఈసారి గోడపత్రికకు గొప్పవారి జీవిత చరిత్ర నన్ను రాయమన్నారు. గాంధీజీ గురించి, కొమురం భీం గురించి, అల్లూరి సీతారామరాజు గురించి ఇంతకు ముందే మన అక్కలు రాసేశారు. అందుకని నేను వేరే దేశపు సారు ఒకాయన గురించి రాస్తున్నాను. ఆయన గురించి ముందు సోషల్ పీరియడ్‌లో విన్నాను. తర్వాత చదివి తెలుసుకున్నాను. ఆయన కూడా మనలాగే హాస్టల్‌లో బతికినాయనే. కాని పిల్లవాడిగా కాదు, పిల్లలను పెంచే సారుగా. ఆయన పేరు అంతోన్ సెమ్యోనొవిచ్ మకరెంకో. పేరు పలకడానికి కొంచెం కష్టమే. నాలుగుసార్లు పలికితే వచ్చేస్తుంది.

బాల్యము – చదువు

మకరెంకో గారు 1888 మార్చి 13వ తేదీన బెలొపోల్యె అనే చిన్న ఊరిలో జన్మించారు. ఆ రోజుల్లో ఆ ఊరు రష్యా చక్రవర్తి జార్ రాజ్యంలో ఉండేది. ఇప్పుడు ఉక్రెయిన్ దేశంలో ఉంది. తండ్రి సెమ్యోన్ గారు రైల్వే వర్క్‌షాపులో రైలు పెట్టెలకు రంగులు వేసే పనివాడు. తల్లి పేరు తత్యాన. వాళ్లు ఉన్నవాళ్లు కారు. అయినా కొడుకును చదివించాలని తండ్రికి పట్టుదల.

మకరెంకో చిన్నప్పుడు బక్కగా ఉండేవాడు. తరచూ జబ్బు చేసేది. కళ్లు సరిగ్గా కనపడేవి కావు, అద్దాలు పెట్టుకునేవాడు. అందుకని ఆటల్లో వెనకబడేవాడు, పుస్తకాల్లో ముందుండేవాడు. తండ్రి పని కోసం కుటుంబం మొత్తం క్ర్యూకోవ్ అనే చోటికి మారింది. అది ద్నీపర్ నది ఒడ్డున ఉంది. నదికి అవతల క్రెమెన్‌చుగ్ పట్నం. అక్కడి బడిలో చదువు 1904లో పూర్తి చేసి, ఇంకొక సంవత్సరం టీచర్ ట్రైనింగు చేశాడు. 1905లో క్ర్యూకోవ్ రైల్వే బడిలో సారుగా చేరాడు. అప్పటికి ఆయన వయస్సు 17 సంవత్సరాలు మాత్రమే. అంటే మన ఇంటర్ అక్కలంత అన్నమాట. ఆ బడిలో చదివేది రైల్వే పనివాళ్ల పిల్లలే. తన తండ్రితో పనిచేసేవాళ్ల పిల్లలకే ఆయన పాఠాలు చెప్పాడు.

తొమ్మిదేళ్లు సారుగా చేసిన తర్వాత కూడా ఆయనకు చదువు మీద ఆశ పోలేదు. 1914లో పొల్తావా పట్నంలోని టీచర్ల ఇన్‌స్టిట్యూట్‌లో విద్యార్థిగా చేరాడు. మధ్యలో సైన్యంలోకి తీసుకున్నారు గాని చూపు బాగాలేదని పంపించేశారు. 1917లో బంగారు పతకంతో చదువు ముగించాడు.

దిక్కులేని పిల్లలు

ఇప్పుడు ఆ దేశంలో ఏం జరిగిందో చెప్పాలి. లేకపోతే ఆయన పని ఎంత పెద్దదో మనకు అర్థం కాదు.

1914లో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. 1917లో జార్ పోయి విప్లవం వచ్చింది. తర్వాత వాళ్లలో వాళ్లకే యుద్ధం. ఆ వెంటనే 1921, 1922 సంవత్సరాల్లో వోల్గా నది ప్రాంతంలో పెద్ద కరువు. టైఫస్ జ్వరాలతో ఊళ్లకు ఊళ్లు పడిపోయాయి. తల్లిదండ్రులు చచ్చిపోయి కొందరు, దారిలో తప్పిపోయి కొందరు, తిండి లేక ఇల్లు వదిలి కొందరు పిల్లలు రోడ్డున పడ్డారు. 1922 నాటికి అలాంటి పిల్లలు 70 లక్షల వరకు ఉంటారని అంచనా. నేను ఆ అంకెను నోట్‌బుక్‌లో వేసి సున్నాలు లెక్కపెట్టుకున్నాను. 7 పక్కన ఆరు సున్నాలు.

ఆ పిల్లలు రైల్వే స్టేషన్లలో, రైలు పెట్టెల కింద, పాడుబడ్డ ఇళ్లల్లో పడుకునేవాళ్లు. అక్కడ చలి మన చలి లాంటిది కాదు, నీళ్లు గడ్డకట్టే చలి. పట్నాల్లో రోడ్లకు తారు కాచే పెద్ద పెద్ద గంగాళాలు ఉంటాయి కదా, రాత్రిపూట వాటిలోకి దిగి ఆ వేడికి నిద్రపోయేవాళ్లు. అడుక్కునేవాళ్లు, జేబులు కొట్టేవాళ్లు. పెద్దవాళ్లయితే దారిదోపిడీలు కూడా చేసేవాళ్లు. ప్రభుత్వం వాళ్ల కోసం పిల్లల ఇళ్లు, కాలనీలు తెరిచింది. కాని చాలా చోట్ల తిండి లేదు, దుప్పట్లు లేవు, చెప్పేవాళ్లు లేరు. పిల్లలు గోడ దూకి మళ్లీ స్టేషన్‌కే పోయేవాళ్లు.

పొల్తావా దగ్గర కాలనీ

1920లో పొల్తావా విద్యాశాఖ వాళ్లు మకరెంకో గారిని పిలిచి, నేరాలు చేసిన పిల్లల కోసం కాలనీ పెట్టమన్నారు. పొల్తావాకు ఆరు కిలోమీటర్ల దూరంలో అడవి పక్కన పాత భవనాలు ఉన్నాయి. జార్ కాలంలో కూడా అక్కడ పిల్లల కాలనీయే ఉండేదంట. యుద్ధంలో చుట్టుపక్కల వాళ్లు కిటికీలు, తలుపులు, పొయ్యిలు, ఆఖరికి తోటలో చెట్లను కూడా వేళ్లతో సహా పీక్కుపోయారు. ఆయన వెళ్లేసరికి గోడలు మిగిలాయి.

ఆ సంవత్సరం డిసెంబరులో మొదట ఆరుగురు అబ్బాయిలు వచ్చారు. వాళ్లల్లో కొందరికి 18 ఏళ్లు. దొంగతనాలు చేసి పట్టుబడినవాళ్లు. వాళ్లు సారును లెక్క చేయలేదు. పని చేయమంటే నవ్వారు. మంచు తుడవరు, కట్టెలు కొట్టరు. రాత్రిపూట బయటికి పోయి దొంగతనాలు చేసి వచ్చేవాళ్లు. సారు దగ్గర ఉన్న విద్యా పుస్తకాలన్నీ తిరగేసినా ఏ పుస్తకంలోనూ ఈ పిల్లల సంగతి లేదు.

ఇక్కడ ఒక విషయం రాయాలా వద్దా అని ఆలోచించాను. గొప్పవారి చరిత్రలో మంచి మాత్రమే రాస్తారు కదా. కాని ఆయనే తన పుస్తకంలో దాచకుండా రాసుకున్నారు కాబట్టి నేనూ రాస్తున్నాను. ఆ పుస్తకంలో పిల్లల పేర్లు మార్చారు. ఒక రోజు వంటకు కట్టెలు కొట్టుకు రమ్మని జదోరోవ్ అనే అబ్బాయికి చెప్పారు. ఆ అబ్బాయి ఎగతాళిగా బదులిచ్చాడు. మకరెంకో గారికి కోపం ఆగలేదు, కొట్టేశారు. జదోరోవ్ సారు కంటే బలవంతుడు. తిరిగి కొట్టగలడు, కాని కొట్టలేదు. తర్వాత అందరూ గొడ్డళ్లు పట్టుకుని సారుతో పాటు అడవికి పోయి కట్టెలు కొట్టారు.

ఇది చదివితే కొడితేనే పిల్లలు దారికి వస్తారని ఎవరికైనా అనిపించవచ్చు. కాని ఆయన మాత్రం అలా అనుకోలేదు. కొట్టడం తప్పు అనీ, అది తన ఓటమి అనీ, దాన్ని ఒక పద్ధతిగా చేసుకోకూడదనీ ఆయన రాశారు. ఆ రోజు పిల్లలు లొంగింది దెబ్బకు కాదంట. ఈ సారు భయపడి పారిపోయే మనిషి కాదు, మనతో పాటు చలిలో ఆకలితో ఉండే మనిషి అని వాళ్లకు తెలిసిందంట. నాకు కూడా అదే నిజం అనిపించింది. ఎందుకంటే దెబ్బలు ఆ పిల్లలకు కొత్త కాదు. బయట చాలానే తిన్నారు. తమతో పాటు గొడ్డలి పట్టుకుని అడవికి వచ్చిన పెద్దమనిషే వాళ్లకు కొత్త.

గోర్కీ పేరు

ఆ కాలనీకి గొప్ప రచయిత మక్సీమ్ గోర్కీ పేరు పెట్టుకున్నారు. ఎందుకంటే గోర్కీ కూడా తల్లిదండ్రులు లేని పిల్లవాడే. ఆయన చిన్నప్పుడే తండ్రి చనిపోయాడు, తర్వాత తల్లి కూడా చనిపోయింది. బడి మానేసి ఎవరెవరి దగ్గరో పనికి కుదిరి పెరిగాడు. ఆయన కథ చదివి వినిపిస్తుంటే కాలనీ పిల్లలు కదలకుండా విన్నారంట. మనలాంటివాడే ఇంత పెద్ద రచయిత అయ్యాడా అని ఆశ్చర్యపోయారు. 1925 నుండి వాళ్లు గోర్కీకి ఉత్తరాలు రాశారు. ఆయన ఇటలీ దేశంలో ఉండి జవాబులు రాసేవాడు.

కాలనీ మెల్లమెల్లగా నిలబడింది. అబ్బాయిలతో పాటు అమ్మాయిలు కూడా వచ్చారు. భూమి దున్నారు, రై ధాన్యం పండించారు, పందులను పెంచారు. కమ్మరి పని, వడ్రంగి పని నేర్చుకున్నారు. నాటకాలు వేస్తే చుట్టుపక్కల ఊళ్లవాళ్లు వచ్చి చూసేవాళ్లు. మొదట దొంగలని తిట్టిన ఊళ్లవాళ్లే అన్నమాట.

అక్కడ పిల్లలను చిన్న చిన్న దళాలుగా చేశారు. ప్రతి దళానికి ఒక కమాండర్. కమాండర్లందరూ కలిసి కూర్చుని కాలనీ పనులన్నీ తీర్మానించేవాళ్లు. ఆ సభ తీర్మానాన్ని సారు కూడా పాటించాలి. ఇంకొక మంచి పద్ధతి ఉంది. విత్తనాలు వేయడం, గడ్డి కోయడం లాంటి పనులకు కొద్ది రోజుల కోసం వేరే దళాలు కట్టేవాళ్లు. ఆ దళానికి మామూలు పిల్లవాడిని నాయకుడిగా పెట్టేవాళ్లు. పెద్ద కమాండర్ కూడా అక్కడ ఆ పిల్లవాడి మాట వినాలి. పని అయిపోగానే నాయకత్వం కూడా అయిపోతుంది. ఈ విధంగా అందరికీ చెప్పడం వచ్చింది, వినడమూ వచ్చింది.

డబ్బు తెచ్చిన అబ్బాయి

మకరెంకో గారి పుస్తకంలో నాకు అన్నిటికంటే నచ్చిన సంగతి ఇది. సెమ్యోన్ కలబాలిన్ అనే అబ్బాయి ఉండేవాడు. పుస్తకంలో అతని పేరు కరబానోవ్. అతడు జైలు నుండి వచ్చినవాడు. అతడిని తీసుకురావడానికి మకరెంకో గారు స్వయంగా జైలుకు పోయారు. అక్కడ అధికారితో మాట్లాడే పని ఉంది, కొంచెం బయట నిలబడు అని అతడిని మర్యాదగా పంపి కాగితాల పని లోపల చూసుకున్నారు. అది తన విడుదల కాగితాల పని అని ఆ అబ్బాయికి తెలియదు. జైలులో ఖైదీలాగా నిలబెట్టి సంతకాలు పెట్టించుకుంటే అతని మనసు చిన్నబోతుందని సారు అలా చేశారు.

కొన్నాళ్లకు సారు అతడిని పిలిచి, పట్నం పోయి కాలనీ డబ్బు 500 రూబుళ్లు తీసుకురమ్మన్నారు. రూబుల్ అంటే వాళ్ల రూపాయి. దారిలో దొంగలు ఉంటారు కాబట్టి తుపాకి కూడా ఇచ్చారు. దొంగ చేతికి గుర్రం, తుపాకి, డబ్బు! అబ్బాయి సాయంత్రానికి తెచ్చి ఇచ్చాడు. సారు లెక్కపెట్టకుండా సొరుగులో పెట్టారు. రెండు వారాల తర్వాత ఈసారి 2000 రూబుళ్లకు పంపారు. అబ్బాయికి నిలువలేదు. ఎందుకు నన్ను నమ్ముతున్నారు, నేను పారిపోతే ఏం చేస్తారు అని దాదాపు ఏడుపు గొంతుతో అడిగాడు. నువ్వు కూడా నాలాగే నిజాయితీ గల మనిషివి, అది నాకు తెలుసు అన్నట్లుగా సారు మామూలుగా బదులిచ్చారు. ఆ రోజు అబ్బాయి పాటలు పాడుకుంటూ గుర్రం ఎక్కి పోయాడు. డబ్బు మొత్తం తెచ్చాడు.

ఇది చదివిన రాత్రి స్టడీ అవర్‌లో నాకు ఒక అమ్మాయి గుర్తుకు వచ్చింది. నేను చిన్న తరగతుల్లో వేరే చోట హాస్టల్‌లో ఉండేదాన్ని. అక్కడ ఒకసారి ఒకరి ట్రంకు పెట్టెలో 40 రూపాయలు పోయాయి. తల్లిదండ్రులు లేని ఒక అమ్మాయి మా గదిలో ఉండేది. ఎవరూ ఏమీ అనకముందే అందరూ ఆమె వైపు చూశారు. నేను కూడా చూశాను. ఆమె పెట్టె మాత్రమే తెరిచి బట్టలన్నీ కింద పోసి వెతికారు. ఏమీ లేదు. మూడో రోజు ఆ డబ్బులు పోయాయన్న అమ్మాయి పుస్తకం అట్ట లోపలే దొరికాయి. అప్పుడు ఎవరూ ఆమెతో ఏమీ చెప్పలేదు. ఆమె సంక్రాంతి సెలవులకు పోయి మళ్లీ రాలేదు. ఆమె పెట్టెకు బదులు నా పెట్టె ఎందుకు వెతకలేదు? నాకు అమ్మ ఉంది, అయ్య ఉన్నాడు, వచ్చి అడుగుతారు. అంతే తేడా.

కుర్యాజ్ – ఖార్కోవ్

1926లో మకరెంకో గారికి ఇంకా కష్టమైన పని ఇచ్చారు. ఖార్కోవ్ పట్నం దగ్గర కుర్యాజ్ అనే చోట పాత మఠంలో ఒక కాలనీ ఉంది. అక్కడ సుమారు 280 మంది పిల్లలు చెడిపోయిన స్థితిలో ఉన్నారు. స్నానం లేదు, చదువు లేదు, పెద్దవాళ్లు చిన్నవాళ్ల తిండి లాక్కుని తినేవాళ్లు. మకరెంకో గారు తన 120 మంది పిల్లలను అడిగారు. పచ్చగా ఉన్న మన పొలం, మన ఇల్లు వదిలి అక్కడికి పోదామా అని. పిల్లలు ఒప్పుకున్నారు. మే నెలలో బ్యాండు వాయించుకుంటూ, శుభ్రమైన బట్టలతో వరుసగా నడిచి కుర్యాజ్‌లోకి వచ్చారు. అక్కడి పిల్లలు నోరు తెరుచుకుని చూశారు. తమలాంటి వీధి పిల్లలే ఇలా ఉన్నారు కదా, మనమెందుకు ఇలా ఉన్నాం అనుకున్నారు. కొద్ది నెలల్లోనే కుర్యాజ్ మారిపోయింది. 1928 జూలైలో గోర్కీ స్వయంగా వచ్చి పిల్లలతో గడిపారు.

కాని విద్యాశాఖలో చాలామంది పెద్దలకు ఆయన పద్ధతి నచ్చలేదు. దళాలు, కమాండర్లు, బ్యాండు, జెండా, ఇదంతా మిలిటరీ లాగా ఉందన్నారు. ఆయన చేసిన శిక్షలను కూడా తప్పు పట్టారు. గోర్కీ వచ్చి వెళ్లిన కొద్ది కాలానికే, ఆ సంవత్సరమే, మకరెంకో గారు తాను పెంచిన కాలనీని వదిలి వెళ్లవలసి వచ్చింది.

అప్పటికే ఖార్కోవ్‌లో జెర్జిన్‌స్కీ కమ్యూన్ అనే పిల్లల ఇల్లు 1927లో మొదలైంది. అక్కడికి పోయారు. అక్కడి పిల్లలు రోజుకు నాలుగు గంటలు వర్క్‌షాపులో పని చేసి, మిగతా సమయం బడిలో చదువుకునేవాళ్లు. మొదట బల్లలు, కుర్చీలు చేశారు. 1932లో కరెంటుతో తిరిగే డ్రిల్లింగ్ మిషన్లు చేశారు. 1934 నుండి ఫెద్ అనే కెమెరాలు తయారు చేశారు. జర్మనీ దేశపు లైకా కెమెరాను చూసి దాని లాంటిది చేశారన్నమాట. తారు గంగాళాల్లో పడుకున్న పిల్లలు కెమెరాలోని సన్నటి మరలు బిగించారు. పనికి జీతం కూడా ఇచ్చేవాళ్లు. అందులో కొంత దాచిపెట్టి, కమ్యూన్ వదిలి వెళ్లేటప్పుడు ఇచ్చేవాళ్లు. వేసవిలో అందరూ కలిసి సముద్రం చూడటానికి క్రిమియా దాకా యాత్రలు పోయేవాళ్లు.

ఇక్కడ ఇంకొక నిజం కూడా రాయాలి. ఆ కమ్యూన్‌ను నడిపించింది ఆ దేశపు రహస్య పోలీసు శాఖ. దానికి మొదటి అధికారి అయిన జెర్జిన్‌స్కీ పేరే పిల్లల ఇంటికి పెట్టారు. 1932, 1933 సంవత్సరాల్లో ఉక్రెయిన్‌లో మళ్లీ ఘోరమైన కరువు వచ్చింది. ప్రభుత్వం ధాన్యం బలవంతంగా తీసుకుపోవడం వల్ల అది వచ్చింది. లక్షల మంది చనిపోయారు, మళ్లీ పిల్లలు దిక్కులేనివాళ్లయ్యారు. 1935లో 12 ఏళ్ల పిల్లలకు కూడా పెద్దవాళ్లలాగా శిక్ష వేయవచ్చని చట్టం చేశారు. 1937లో అదే పోలీసు శాఖ ఎంతోమంది తల్లిదండ్రులను పట్టుకుపోయి, వాళ్ల పిల్లలను అనాథాశ్రమాల్లో వేసింది. ఒక చేత్తో పిల్లలకు అన్నం పెట్టిన ప్రభుత్వమే ఇంకొక చేత్తో పిల్లలను అనాథలను చేసింది. ఇది నాకు అర్థం కావడానికి రెండుసార్లు చదవవలసి వచ్చింది.

చివరి రోజులు

మకరెంకో గారు రాత్రిళ్లు కూర్చుని తన అనుభవాలన్నీ పుస్తకంగా రాశారు. దాని పేరు తెలుగులో చెప్పాలంటే విద్యా కావ్యం అనవచ్చు. 1933 నుండి 1935 వరకు అది భాగాలుగా అచ్చయింది. గోర్కీయే వెంటపడి రాయించారు. 1937లో తల్లిదండ్రుల కోసం ఒక పుస్తకం, 1938లో కమ్యూన్ గురించి ఇంకొక నవల రాశారు. 1935లో ఆయన కీవ్ నగరానికి, 1937లో మాస్కోకు మారారు.

ఆయనకు సొంత పిల్లలు లేరు. తోటి ఉద్యోగిని గలీనా గారిని పెళ్లి చేసుకుని ఆమె కొడుకును తన కొడుకుగా చూసుకున్నారు. ఆయన తమ్ముడు యుద్ధంలో ఓడిన సైన్యంలో ఉండి దేశం వదిలి పోయాడు. ఆ తమ్ముడి కూతురిని కూడా తన ఇంట్లోనే పెంచారు. ఆ రోజుల్లో అలాంటి తమ్ముడు ఉన్నాడని చెప్పడమే ప్రమాదం.

1939 ఏప్రిల్ 1వ తేదీన మాస్కో దగ్గర గోలిత్సినో స్టేషన్‌లో రైలు పెట్టెలో గుండె ఆగి మరణించారు. వయస్సు 51 సంవత్సరాలు మాత్రమే. రైలు పెట్టెలకు రంగులు వేసేవాడి కొడుకు, స్టేషన్ పిల్లల సారు, ఆఖరికి స్టేషన్‌లోనే పోయారు. 1988లో యునెస్కో సంస్థ 20వ శతాబ్దంలో విద్యా విధానాన్ని మార్చిన నలుగురిలో ఆయన ఒకరని చెప్పింది. మాంటిస్సోరి గారు కూడా ఆ నలుగురిలో ఉన్నారు.

తర్వాత ఏమైంది

తుపాకి పట్టుకుని డబ్బు తెచ్చిన కలబాలిన్ ఏమయ్యాడో చెప్పాలి కదా. అతడు కూడా సారు అయ్యాడు! జీవితమంతా అనాథ పిల్లల ఇళ్లకు అధికారిగా పనిచేశాడు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత మళ్లీ ఎంతోమంది అనాథలు మిగిలితే వాళ్లను పెంచాడు. 1972లో చనిపోయాడు.

కాని మకరెంకో పేరు చెప్పుకున్న ఇళ్లన్నీ అలా లేవు. చాలా చోట్ల గంటలు, వరుసలు మిగిలాయి గాని పిల్లల సభ మిగలలేదు. 1991లో సోవియట్ యూనియన్ విడిపోయిన తర్వాత రష్యాలో బీదరికం, తాగుడు పెరిగి అనాథాశ్రమాలు నిండిపోయాయి. అందులో ఎక్కువమందికి తల్లో తండ్రో బతికే ఉన్నారు. అయినా పెంచలేక, పెంచే స్థితి లేక వదిలేసినవాళ్లు. అప్పట్లో అక్కడి ఆశ్రమాల్లో పిల్లలు అన్నీ గుంపుగానే చేయవలసి ఉండేది. వంటగదిలోకి రానిచ్చేవాళ్లు కారు, బజారుకు పంపేవాళ్లు కారు. బట్టలు, తిండి వాళ్లే ఇచ్చేవాళ్లు. 18 ఏళ్లు నిండి బయటికి వచ్చేసరికి టీ కాచుకోవడం, జీతం డబ్బు నెలంతా సర్దుకోవడం రానివాళ్లు ఉండేవాళ్లు. మోసపోయినవాళ్లు, తాగుడులో, జైల్లో పడినవాళ్లు చాలామంది. అలాంటి పిల్లలకు ప్రభుత్వం ఇల్లు ఇవ్వాలని 1996లో చట్టం చేశారు. కాని ఇల్లు రాక ఏళ్ల తరబడి ఎదురుచూసినవాళ్లు వేలమంది. వికలాంగ పిల్లల పరిస్థితి ఇంకా కష్టం. చాలామందిని మంచానికే వదిలేశారని మానవ హక్కుల సంస్థలు 1998లోనూ, 2014లోనూ రాశాయి.

తర్వాత కొంత మార్పు వచ్చింది. పెద్ద పెద్ద హాళ్లు తీసేసి పిల్లలను కుటుంబం లాగా చిన్న గుంపుల్లో ఉంచాలనీ, అన్నదమ్ములను అక్కచెల్లెళ్లను విడదీయకూడదనీ, వీలైనంత త్వరగా ఏదో ఒక ఇంటికి పంపాలనీ రష్యాలో 2015 నుండి నియమం వచ్చింది. ఇల్లు కోసం చూసే పిల్లలు 2012లో లక్షకు పైగా ఉంటే, 2020 నాటికి యాభై వేల కంటే తగ్గారు. పెంచుకునే కుటుంబాలు పెరిగినందుకు ఈ తగ్గుదల అంటారు.

ముగింపు

మిత్రులారా! మనం అనాథలం కాదు. మనకు ఊరు ఉంది, పండగ ఉంది, సంతలో కనపడితే పిలిచి తినడానికి పెట్టేవాళ్లు ఉన్నారు. అయినా మనం కూడా గంట కొడితే లేస్తాం, గంట కొడితే తింటాం. పదో తరగతి అయిపోయాక ఒక రోజు పెట్టె నెత్తిన పెట్టుకుని గేటు బయటికి పోతాం. మా ఇంట్లో బడి మెట్లు ఎక్కింది నేనే మొదటిదాన్ని. బయట ఏం చేయాలో మా అయ్యను అడిగితే ఆయనకు తెలియదు. అందుకే ఈ జీవిత చరిత్ర నాకు దూరపు దేశంది లాగా అనిపించలేదు.

మకరెంకో గారి జీవితం నుండి నేను మూడు సంగతులు నేర్చుకున్నాను. మొదటిది, పిల్లలను గతం బట్టి చూడకూడదు. రెండోది, నమ్మకం ముందు పెద్దవాళ్లే పెట్టాలి, అప్పుడే పిల్లలు నిలబెట్టుకుంటారు. మూడోది, పిల్లలకు నిజమైన పని, నిజమైన మాట ఇవ్వాలి.

కాబట్టి మేడమ్ గారికి మర్యాదతో ఒక మనవి. మన మెస్ కమిటీలో ఎప్పుడూ పదో తరగతి అక్కలే ఉంటున్నారు. నెలకొకసారి అన్ని తరగతుల నుండి మార్చి పెడితే బాగుంటుంది. సరుకుల లెక్క రాయడం, బజారులో ధర అడగడం మాకు కూడా వస్తుంది. తప్పులు పోతే దిద్దండి.

ఇంకొకటి నా తోటివాళ్లకు. దసరా సెలవులకు పోవడానికి ఇల్లు లేక ఇక్కడే ఉండిపోయేవాళ్లు మనలో ఉన్నారు. వాళ్ల పేర్లు రాయను, అందరికీ తెలుసు. ఈసారి నేను మా అమ్మను అడిగాను. ఒకరిని మా ఊరికి తీసుకుపోతాను. మా ఇల్లు చిన్నదే గాని చాప వేస్తే చోటు ఉంది. మీరు కూడా మీ ఇళ్లల్లో అడగండి.

ఇట్లు,
మీ తోటి విద్యార్థిని,
9వ తరగతి